ఆరున్నొకటి

నవంబరు 4

డిసెంబరు ఉల్కల మీద వేధశాల వాళ్ళు పుస్తకం వేస్తున్నారట. మొట్టమొదట ఎవరు చూశారు, ఎవరెవరు లెక్కపెట్టారు, ఏ సంవత్సరం ఎన్ని రాలాయి, అంతా చరిత్ర. ఇప్పుడు అక్కడ పెద్ద కుర్చీ మా అబ్బాయిది.

"నాన్న ఇరవై ఆరు శీతకాలాలు వేసిన లెక్కలే ఈ పుస్తకానికి వెన్నెముకమ్మా" అన్నాడు పొద్దున కాఫీ తాగుతూ.

వెన్నెముక మాట నిజమే. ఇరవై ఆరు డిసెంబర్లు ఆ వేధశాల డాబా మీద మడతకుర్చీలో వెల్లకిలా పడుకుని వెన్నెముక అరగదీసుకున్నది ఎవరో వాడు అడగలేదు. నేను చెప్పలేదు. వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళయింది. పోయినవాళ్ళ మీద చాడీలు చెప్పే అలవాటు నాకు లేదు. ఉన్నవాళ్ళ మీద చెప్పడానికే పొద్దు చాలదు.

నాకు పేరు అక్కర్లేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో పేరు తెచ్చి ఏం చేసుకోను, ఊరబెట్టుకోనా.

నవంబరు 5

నిన్న రాసింది మళ్ళీ చదివాను. అక్కర్లేదు. నిజంగానే.

నవంబరు 9

వేధశాల నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆయన పాత నోటు పుస్తకాల్లోని అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగం. పట్టికల పిల్ల అనుకుందాం. సన్నగా, పొడుగ్గా, రూళ్ళకర్రలా ఉంది. చెప్పులు గుమ్మం బయట ఒకదానికొకటి సమాంతరంగా విడిచింది. అక్కడే నాకు నచ్చింది.

"బామ్మగారూ, డైరెక్టరుగారు మిమ్మల్ని అడిగి రమ్మన్నారండి. ఈ అంకె ఏంటో నాకు అంతు పట్టట్లేదు."

పేజీ చూపించింది. ఐదు, ఆరు, ఆ తర్వాత మళ్ళీ ఆరు, దాని పక్కన ఒకటి, ఆ తర్వాత ఎనిమిది. ప్రతి పేజీలోనూ అదే వరస.

"నేను అరవై ఒకటి అని ఎక్కించుకుంటూ పోయానండి. ఒకచోట ఐదు, ఆరు, అరవై ఒకటి, ఎనిమిది. అరవై ఒకటో ఉల్క తర్వాత ఎనిమిదోది ఎలా పడుతుందా అని అనుమానం వచ్చింది."

"ఎన్నాళ్ళకు వచ్చింది?"

"వారానికండి. నాకంటే ముందు చేసినాయనకు అసలు రాలేదు."

నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చింది, దాన్ని కాసేపు ఉండనిచ్చాను. ఆ తర్వాత చెప్పాను: అది అరవై ఒకటి కాదమ్మా, ఆరున్నొకటి. ఆరు తర్వాతి అంకె పేరులో ఏడుపు ఉందని మా అమ్మమ్మ దాన్ని నోట రానిచ్చేది కాదు. ఆమె నుంచి మా అమ్మకు, మా అమ్మ నుంచి నాకు అంటుకుంది. లెక్కల టీచరుగా ముప్పై ఏళ్ళు ఆ అంకె తప్పించుకోలేక నల్లబల్ల మీద అంకె వేసి చూపించి ఊరుకునేదాన్ని.

"అంటే తాతగారు కూడా అలాగే అనేవారా?"

"ఆ పుస్తకాల్లో ఉన్నది విన్న మాట" అన్నాను.

ఆ పిల్ల పెన్ను ఆపింది. "విన్న మాటా? ఎవరన్నది?"

"టీ తాగుతావా?" అన్నాను.

నవంబరు 10

ఆ పిల్లకు చెప్పనిది ఇక్కడ రాసి పెట్టుకుంటాను. ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఉల్కలు లెక్కపెట్టడానికి దుర్భిణి పనికిరాదు. ఒట్టి కళ్ళు చాలు. అయితే ఆ కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, కాగితం మీది వెలుతురు ఒక్కసారి చూస్తే ఆ అలవాటు చెడుతుంది. అందుకని చూసేవారు వేరు, రాసేవారు వేరు. చూసేవారు గట్టిగా చెప్పాలి: ఎన్నోది (పది అవగానే మళ్ళీ ఒకటి నుంచి), ఎంత వెలుగు, మనదా పరాయిదా. మిథున రాశి వైపు నుంచి వస్తే మనది, మరెటు నుంచి వచ్చినా పరాయిది. రాసేవారు ఎర్ర కాగితం చుట్టిన టార్చి కింద తల వంచుకుని విన్నది విన్నట్టు రాయాలి.

పుస్తకాలన్నీ ఆయన చేతిరాత. గుండ్రంగా, ముత్యాల్లా. రాత ఆయనది కాబట్టి చూసిందీ ఆయనే అంటారు. వేధశాలలో అందరూ డాక్టరేట్లే. రాత ఆయనదైతే చూపు ఆయనది కాదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తీర్పు టైపు కొట్టిన గుమాస్తాను జడ్జిగారూ అని దండాలు పెట్టినట్టుంది వ్యవహారం.

ఆయనకు రేచీకటి. పెళ్ళయిన మూడో నెలలో, కరెంటు పోయిన రాత్రి తెలిసింది. సొంత ఇంట్లో గోడ తడుముకుంటూ నడిచే మనిషికి ఆకాశాన్ని చూసే ఉద్యోగం. "నువ్వు చూసి చెప్పు, నేను రాస్తాను. ఈ ఒక్క సంవత్సరానికి" అన్నారు. ఆ ఒక్క సంవత్సరం ఇరవై ఆరు సార్లు వచ్చింది. డిసెంబరు పధ్నాలుగున బళ్ళో నా పిల్లలకు తెలిసేది, ఇవాళ టీచరు ఆవలిస్తూ కూడికలు చెబుతుందని.

ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని. ఉద్యోగం ఉండి, పదోన్నతి వచ్చి, సన్మానాలు జరిగి, పింఛను కూడా వచ్చాక ఎందుకు చెప్పలేదంటే, అలవాటై.

నవంబరు 14

మనవరాలికి బళ్ళో వ్యాసం రాయమన్నారు. 'మా తాతయ్య'.

"నాయనమ్మా, తాతయ్య రాత్రంతా డాబా మీద ఒక్కడే కూర్చునేవాడా? భయం వెయ్యలేదా?"

"ఒక్కడే కాదు."

"మరి?"

"టార్చి ఉండేది" అన్నాను. ఎందుకలా అన్నానో.

వ్యాసం బాగుంది. రెండు అక్షరదోషాలు దిద్దాను. మిగతా దోషాల జోలికి పోలేదు.

నవంబరు 16

పుస్తకం ప్రూఫులు దిద్దమని మా అబ్బాయి నాకే ఇచ్చాడు. నా కంటికి దొరకని తప్పు లేదని వాడి నమ్మకం.

చరిత్ర అధ్యాయం శ్రద్ధగానే రాశారు. ఈ ఉల్కలను నూట అరవై ఏళ్ళ కిందట మొదటిసారి విడిగా గుర్తించారు. అప్పుడు గంటకు ఏ పదో ఇరవయ్యో. తరం తరానికీ పెరిగి ఇప్పుడు మంచి రాత్రయితే నూరు దాటుతున్నాయి. ఇవి ఏ తోకచుక్క నుంచి రాలుతున్నాయో ఎవరికీ అంతు చిక్కలేదు. చివరికి ఒక ఉపగ్రహం పట్టిచ్చింది: తోకచుక్క కాదు, సూర్యుడికి మరీ దగ్గరగా పోయి మాడి వచ్చే ఒక రాయి. అంటే తల్లి ఎవరో తెలియకుండానే నూట ఇరవై ఏళ్ళు పిల్లల్ని లెక్కపెట్టారన్నమాట.

చూసినవాళ్ళ పేర్లు అధ్యాయం నిండా ఉన్నాయి. పక్కన కూర్చుని రాసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. లోకమంతా అలా అఘోరిస్తే మా ఇంట్లో దానికి తలకిందులు.

ఆ తర్వాతి పేజీలో ఆయన ఫొటో. కింద: 'ఇరవై ఆరు శీతకాలాలు చలిని లెక్కచేయక, ఒంటరిగా.'

ఎర్ర పెన్ను తీసి 'ఒంటరిగా' కొట్టేశాను. అనవసరమైన మాట. వాక్యం బరువు తగ్గిందంతే.

నవంబరు 18

"ఇదేంటమ్మా, 'ఒంటరిగా' కొట్టేశావు?"

"తప్పు కాబట్టి."

"నువ్వు తోడుండేదానివి, తెలుసు. టీ అదీ పెట్టి..."

"టీ మాట ఎత్తకు."

అప్పుడు చెప్పాను. రేచీకటి దగ్గర మొదలుపెట్టి మొత్తం. ముందుగా అనుకుని చెప్పలేదు, నోట్లోంచి దానంతటది వచ్చింది. వాడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

"నాన్నకి చీకట్లో కాస్త తడబాటు ఉండేది, నిజమే. అది అందరికీ ఉంటుంది."

"అందరూ చీకట్లో చూసినందుకు జీతం తీసుకోర్రా."

"నేను నమ్ముతానమ్మా. కానీ పుస్తకం వేసే సంఘం ముందు పెట్టాలంటే ఏదైనా కాగితం ఉండాలి కదా. డాక్టరు చీటీ లాంటిది."

"ఉద్యోగం పోతుందని డాక్టరు గుమ్మం తొక్కని మనిషికి చీటీ ఎక్కణ్ణుంచి తేను? ఆ పుస్తకాలు చూడు. పేజీకి నాలుగు చోట్ల ఆరున్నొకటి. అది ఎవరి నోరు?"

"నాన్న కూడా అలాగే అనేవాడుగా. కూరగాయలు లెక్కపెట్టినా ఆరున్నొకటే."

"నా దగ్గర నేర్చుకున్నారు."

"అదేనమ్మా. ఇద్దరూ అనేవాళ్ళు. ఎవరిదని చెప్తాం?"

గుమ్మంలోంచి కోడలు అందుకుంది. "ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకత్తయ్యా? మామయ్యగారు ఉన్నప్పుడు చెప్పుంటే ఆయనే ఒప్పుకునేవారేమో."

"ఆయన ఉన్నప్పుడు నా కాపురంలో నేను పుల్లలు పెట్టుకోలేకపోయానమ్మా. ఇప్పుడు తీరిక దొరికింది."

కోడలు లోపలికి వెళ్ళిపోయింది. మా అబ్బాయి ప్రూఫులు మడిచి, "ఒంటరిగా అన్నది తీసేద్దాంలే. దీక్షగా అని పెడదాం" అన్నాడు.

నవంబరు 19

ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. గిన్నెలు మాట్లాడుతున్నాయి.

నవంబరు 23

మా అబ్బాయి పట్టికల పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. వాడి మొహం వెలిగిపోతోంది. ఆ పిల్ల మొహంలో ఆ వెలుగు లేదు.

"అమ్మా, నీకు సాక్ష్యం దొరికింది."

ఆశ ఒక్కసారి పొంగుకొచ్చింది. అది రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా వచ్చింది.

పధ్నాలుగో శీతకాలం పుస్తకం బల్ల మీద పెట్టాడు. పేజీ నిండా ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఏడు, ఏడు, ఏడు. ఇరవై ఆరు పుస్తకాల్లో ఆ అంకె తిన్నగా పడింది ఆ ఒక్క రాత్రేనట. ఈ అమ్మాయే పట్టిందన్నాడు.

"మిగతా అన్ని రాత్రులూ ఆరున్నొకటి అన్నది నాన్న. ఈ రాత్రి మాత్రం వేరేవాళ్ళు చూశారు. అంటే నువ్వు. నాన్నకి ఒంట్లో బాగోలేక నువ్వు చూసి చెప్పుంటావు. అదే నీకు మొత్తం ఇరవై ఆరూ నేనే చూశానన్నట్టు గుర్తుండిపోయింది."

"నాకు మతిపోయిందంటావు."

"పెద్ద వయసులో మామూలేనమ్మా. ఇంకో సంగతి. ఆ రాత్రి అంకెలు వాటికి ముందూ వెనకా ఉన్న సంవత్సరాల కంటే సగానికి సగం ఎక్కువ. అలవాటు లేనివాళ్ళకి మిణుకుమన్నదల్లా ఉల్కే. నీ తప్పు కాదు."

సంఘం వాళ్ళు ఆ ఒక్క రాత్రి కింద చిన్న అక్షరాలతో ఒక మాట వేస్తారట. 'ఈ రాత్రి పరిశీలకుని భార్య బదులు చూశారు. అనుభవ లోపం వల్ల అంకెలు ఎక్కువగా నమోదయ్యాయి.' అందుకు నా సంతకం ఒకటి కావాలి.

"నీకు చోటు దొరికిందమ్మా పుస్తకంలో" అన్నాడు. వెటకారం కాదు. నిజంగా సంతోషపడుతున్నాడు వెధవ.

నేను చూశానంటే సాక్ష్యం తెమ్మన్నారు. తప్పు చేశానంటే చాలు, కాగితం కలం ఇంటికే వచ్చాయి.

నవంబరు 24

ఆ రాత్రి కొంచెం నలతగా ఉంది నాకు. కళ్ళు మండుతున్నాయి. అందుకే కాస్త అటూ ఇటూ అయి ఉంటుంది.

కాదు.

ఆ సాయంత్రం వేరే వేధశాల నుంచి ఇద్దరు పెద్దలు భోజనానికి వచ్చారు. చలిలో రాత్రంతా ఎలా కూర్చుంటారండీ అని అడిగారు. ఆయన నవ్వి, "మా ఆవిడ టీ పెట్టి నిద్రపోకుండా చూస్తుంది. సగం పుణ్యం ఆవిడదే" అన్నారు. వాళ్ళు నా వైపు తిరిగి నవ్వారు. నేను వడ్డిస్తున్నాను. చేతిలో గరిటె ఉంది. గరిటె వాడలేదు.

డాబా ఎక్కి కుర్చీలో పడుకున్నాను. కాసేపు నిజంగానే చూశాను. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాను. మూసుకుని లెక్క చెప్పడం మొదలుపెట్టాను. ఒకటి, మనది, పసుపు. రెండు, మనది. ఏడు దగ్గరికి వచ్చేసరికి జీవితంలో మొదటిసారి ఏడు అన్నాను. గట్టిగా. ఆయన తల ఎత్తలేదు. విన్నది విన్నట్టు రాశారు. ఇంకాస్త జోరుగా చెప్పాను. ఆయన పెన్ను పరుగెత్తింది. ఆయనకు అబద్ధం తెలిసే దారి లేదు. పైకి చూడగలిగితే తెలిసేది.

తెల్లారాక చెబుదామనుకున్నాను. తెల్లారేసరికి ఆయన అంకెలన్నీ కూడి, పసిపిల్లాడిలా నా చేతులు పట్టుకున్నారు. "ఎంత పెరిగాయో చూశావా" అన్నారు. ఆ పెరుగుదల మీదే వ్యాసం రాశారు. ఆ వ్యాసానికే శాలువా కప్పారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఉల్కలు నిజంగానే పెరిగాయి, నా మీద జాలిపడ్డట్టు.

మిగతా ఇరవై ఐదు రాత్రుల్లో ఒక్క ఉల్క కూడా ఎక్కువ చెప్పలేదు. మెడ పట్టేసినప్పుడు కూడా. మా అబ్బాయి కడుపులో ఉండి ఏ పక్కకీ తిరగలేకపోయిన సంవత్సరం కూడా.

నవంబరు 29

పట్టికల పిల్ల ఒక్కతే వచ్చింది. చెప్పులు ఎలా పడితే అలా విడిచింది.

"అన్ని రాత్రులూ చూసింది మీరేనండీ. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆరున్నొకటి మీ అమ్మమ్మగారి నుంచి వచ్చిందనీ, పుస్తకాల్లోది విన్న మాటనీ మొదటిరోజే మీ నోటే విన్నానుగా. ఇంకోటి కూడా ఉంది. చూసేవాళ్ళే రాస్తే రాతలో తడబాటు ఉండాలండి, గీతలు పక్కకు పోవాలి. ఇరవై ఆరు పుస్తకాల్లో ఒక్క గీత వంకర పోలేదు. ఆయన కాగితం మీంచి చూపు తిప్పలేదు. ఇది రాసి సంఘానికి పెడతానండీ. డైరెక్టరుగారికి కోపం వస్తే రానివ్వండి."

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఇలాంటి పిల్ల ఒక్కతి దొరకలేదు. దొరికినప్పుడు చూడు ఏ గతిలో ఉన్నానో.

"పెడితే ఏమవుతుంది?" అన్నాను.

పుస్తకం అచ్చయ్యాక ఈ లెక్కలన్నీ కేంద్ర పట్టికకు వెళ్తాయట. లోకంలో అందరి లెక్కలూ అక్కడ చేరతాయి. వాళ్ళకు ఒక నియమం ఉంది. ఒక మనిషి చూసిన వరసలో ఒక్క రాత్రి అయినా ఇంతలా తేడా వస్తే ఆ మనిషి చూసినవన్నీ పక్కన పడేస్తారు.

"ఆ రాత్రి వేరే మనిషి చూశారంటే?"

"ఆ ఒక్క రాత్రే తీసేస్తారండి."

"ఆ రాత్రి నేను కళ్ళు మూసుకుని చెప్పాను."

ఆ పిల్ల కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"ఒక రాత్రి మూసుకున్న మనిషి మిగతా ఇరవై ఐదూ తెరిచే ఉంచిందంటే నీ పట్టిక నమ్ముతుందా?"

"నేను నమ్ముతానండి."

"నిన్ను కాదు అడిగింది."

"నమ్మదండి" అంది. ఏడ్చింది. వయసు చిన్నది, ఏడిస్తే అందంగానే ఉంది. టీ పెట్టి ఇచ్చాను. ఆ పని నాకు బాగా వచ్చని ఆయనే చెప్పారుగా.

నవంబరు 30

లెక్కలు నావని చెబితే లెక్కలు పోతాయి. ఆయనవని ఒప్పుకుంటే ఉంటాయి.

పధ్నాలుగోది తీసేసినా ఇరవై ఐదు రాత్రులు. పధ్నాలుగు వేల మూడు వందల పైచిలుకు. ఒక్కొక్కటి నేను చూస్తేనే చూసినట్టు. అప్పుడు మేలుకుని ఉన్నది నేనొక్కదాన్నే కాదు, లోకంలో ఇంకా ఎందరో ఉంటారు. కానీ మా డాబా మీది నుంచి నేనొక్కదాన్నే.

డిసెంబరు 2

నాకు పేరు అక్కర్లేదని మొదటిరోజే రాశాను. ఏమీ మారలేదు.

డిసెంబరు 3

కావాలి. ముసలి పీనుగకు పేరెందుకని ఎవరైనా అడిగితే, ఎందుకో చెప్పలేను. కావాలి.

డిసెంబరు 5

కాగితం తెచ్చాడు. ఒక పేజీ, టైపు చేసి ఉంది. కుడిపక్క కింద చుక్కల గీత.

చదివాను. "అనుభవ లోపం వల్ల" దగ్గర ఆగాను.

"ఈ మాట తీసేసి 'ఉద్దేశపూర్వకంగా' అని పెట్టు."

"అదేంటమ్మా, నువ్వు కావాలని తప్పుడు లెక్క చెప్పినట్టు ఉంటుంది."

"ఉండనీ."

"ఎందుకు చేశావని అడుగుతారు."

"అడిగితే నా దగ్గరికి పంపించు. ఇన్నాళ్ళకు నన్ను ఎవరైనా ఏదైనా అడుగుతారు."

"వద్దులేమ్మా. నిన్ను దొంగను చేసి ఆ పుస్తకం వెయ్యడం నాకిష్టం లేదు."

"చేతకానిదాన్ని చెయ్యడం ఇష్టమేగా?"

కోడలు వచ్చి పక్కన నిలబడింది. ఏదో అంటుందనుకున్నాను. ఏమీ అనకుండా నా కళ్ళజోడు తెచ్చి చేతికి ఇచ్చింది. అదొక్కటి బాగా చేసింది.

మా అబ్బాయి పెన్ను తీసి, "అనుభవ లోపం వల్ల" కొట్టేసి, పైన చేత్తో "ఉద్దేశపూర్వకంగా" అని రాశాడు. వాడి రాత కూడా గుండ్రంగానే ఉంటుంది.

సంతకం పెట్టాను. బ్యాంకులో పెట్టే పొట్టి గీత కాదు. పుట్టింటి ఇంటిపేరు, మా అమ్మమ్మ పేరు కలిపి పెట్టిన అసలు పేరు, దాని చివర నేను చదివి తెచ్చుకున్న డిగ్రీ. చుక్కల గీత సరిపోలేదు. కాగితం అంచు దాకా పోయి కిందికి తిప్పాను.

వాడు కాగితం వెలుతురులోకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నీ పేరు ఇంత పొడుగని నాకు తెలీదమ్మా" అన్నాడు.

"వాడకం లేక మడతపెట్టి ఉంది" అన్నాను.

సిరా ఆరేదాకా ఊది, కాగితం మడిచి, జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.